చేవ్రాలు, లేఖకహస్తము, కూటలేఖ్యము: ఉరవకొండ సీమ పత్రముల పరిశీలనమునకు కొన్ని సూచనలు

తెలుగులో సంతకమునకు చేవ్రాలని చక్కని పేరు కలదు. చేయి, వ్రాలు అను రెండు మాటల కూర్పగు ఈ పదములో ఒక నమ్మకము ఇమిడియున్నది. పేరు ఎవరిదో, వ్రాసిన చేయియు వారిదే యన్నది ఆ నమ్మకము. కాని చరిత్ర పరిశోధకునకు లభించు ప్రసిద్ధుల పత్రములలో పెక్కింట పేరు ఒకరిది, చేయి మరియొకరిది. రాజు పేర రాయసకాడు వ్రాసినాడు. దొర పేర గుమాస్తా వ్రాసినాడు. నాయకుని పేర కార్యదర్శి వ్రాసినాడు. వీనినెల్ల దొంగ సంతకములని త్రోసివేసినచో చరిత్రకు ఆధారమే మిగులదు. అట్లని పేరు కనబడిన ప్రతి పత్రమును నమ్మినచో కల్పనయే చరిత్రమై కూర్చుండును. ఈ రెండు ప్రమాదముల నడుమ త్రోవ ఎట్టిదో, ఉరవకొండ సీమను నిదర్శనముగా గైకొని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మొదట మూడు తెఱగులను వేఱుపఱుచుకొనవలెను. పేరుగలవాడు తానే వ్రాసినది స్వహస్తము. అతని యనుమతితో, అతని యధికారమునకు లోబడి, వేఱొకడు వ్రాసినది లేఖకహస్తము. అనుమతి లేక, మోసగించు తలంపుతో వ్రాసినది కూటము. మొదటి రెండింటిలో చేతులు వేఱైనను అధికారము ఒక్కటే. తుది రెండింటిలో చేయి పరాయిదే యైనను, ఒకదాని వెనుక అధికారము కలదు, రెండవదాని వెనుక లేదు. కావున "ఇది ఎవరి చేయి?" అను ప్రశ్న ఒక్కటే చాలదు, "ఇది ఎవరి యధికారము?" అను ప్రశ్నయు వేయవలెను. ఈ రెండు ప్రశ్నలను కలగాపులగము చేయుటవలననే పత్రపరీక్షలో పెక్కు పొరపాట్లు కలుగుచున్నవి.

సీమ పరిస్థితి

ఉరవకొండ నేడు అనంతపురము జిల్లాలో ఒక మండలకేంద్రము. హంపికిని పెనుకొండకును నడుమనున్న మెట్టసీమ. 1882లో అనంతపురము జిల్లా ఏర్పడువఱకు ఈ ప్రాంతము బళ్లారి జిల్లాలోనిది. ఆ పిమ్మటను గుత్తి తాలూకాలో భాగముగ నుండెను. గుత్తి దుర్గము 1776లో మరాఠా సర్దారు మురారిరావు చేతినుండి హైదరాలీ వశమయ్యెను. 1799లో టిప్పు సుల్తాను మరణింపగా ఈ సీమ నిజామునకు వచ్చెను. 1800లో నిజాము దీనిని కుంఫిణీవారికి దత్తము చేసెను. దత్తమండలమను పేరు అట్లు వచ్చినది. అనగా పాతికేండ్లలోపల ఒకే గ్రామము నలుగురు ప్రభువులకు శిస్తు కట్టినది. తెలుగు, కన్నడము, మోడీ లిపిలోని మరాఠీ, పారసీకము, ఆంగ్లము అను భాషలన్నిటను ఈ సీమకు సంబంధించిన పత్రములు పుట్టుటకు ఇదియే కారణము.

ఇది కరవుసీమ. జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టిచోట చెరువు క్రింది మాన్యము ఒక కుటుంబమునకో, దేవాలయమునకో, మఠమునకో ప్రాణాధారము. ప్రభువు మాఱినప్పుడెల్ల "నీ మాన్యమునకు ఆధారమేమి?" అని క్రొత్త ప్రభుత్వము అడుగును. చూపుటకు పాత సన్నదు కావలెను. ఉన్నవాడు చూపినాడు. చెదలు తిన్నవాడును, కొల్లలో పోగొట్టుకొన్నవాడును జ్ఞాపకమునుండి మరల వ్రాయించుకొన్నాడు. అసలే లేనివాడు కల్పించుకొన్నాడు. మూడు విధములైన పత్రములును నేడు ఒకే తీరున పసుపువన్నెకు తిరిగి, ఒకే విధమైన పెట్టెలలో మనకు కనబడును. వీనిని వేఱుచేయుట పాండిత్యవినోదము కాదు. గ్రామచరిత్రములు వీనిమీదనే కట్టబడుచున్నవి.

ధర్మశాస్త్రముల దృష్టి

ఈ సమస్య మనవారికి క్రొత్త కాదు. రాజు భూదానము చేయునపుడు వస్త్రముమీదనో రాగిరేకుమీదనో వ్రాయించి, తన వంశమును, ప్రతిగ్రహీతను, భూమి పరిమాణమును, ఎల్లలను తెలిపి, ముద్రవేసి, స్వహస్తమును కాలమును చేర్పవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించుచున్నది. విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో దీనిని వివరించుచు, శాసనపాఠమును వ్రాయవలసినవాడు సంధివిగ్రహాధికారి యనియు, పైన వ్రాసినది తనకు సమ్మతమని రాజు తన చేత వ్రాయవలెననియు చెప్పినాడు. అనగా పాఠము లేఖకునిది, సమ్మతి రాజుది అను విభాగము నాటికే స్పష్టముగ నున్నది. వ్రాయనేరని ఋణస్థుడు సాక్షుల యెదుట తన సమ్మతిని ఇతరునిచే వ్రాయించుకొనవచ్చునని స్మృతికారులు అంగీకరించిరి. కాగా కూటశాసనములు కల్పించువారికి మనుస్మృతి వధదండమునే విధించినది. ఒకే పని, పరాయి చేత్తో వ్రాయుట, ఒకచోట ధర్మ్యము, వేఱొకచోట మహాపరాధము. భేదమంతయు అధికారముననే యున్నది. మితాక్షరానుసారియగు ఈ ధర్మశాస్త్రమును పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన తెనుగుపఱచుటచే ఈ విచారము తెలుగువారి వాఙ్మయములోనికిని ప్రవేశించినది.

సందేహాస్పదమైన పత్రమును ఎట్లు తేల్పవలెనో కూడ యాజ్ఞవల్క్యుడు చెప్పినాడు. మొదటిది అదే మనుష్యుడు వ్రాసిన ఇతర లేఖనములతో పోలిక. తరువాత యుక్తి, ప్రాప్తి, క్రియ, చిహ్నము, సంబంధము, ఆగమము మున్నగునవి. వీని ప్రయోజనమును వ్యాసాంతమున చూపెదను.

రాగిరేకుమీది రాజహస్తము

విజయనగర రాజుల తామ్రశాసనములలో సంస్కృతపాఠము సామాన్యముగ నందినాగరి లిపిలో నుండును. చివర మాత్రము పెద్ద తెలుగు-కన్నడ యక్షరములలో "శ్రీ విరూపాక్ష" అని యుండును. ఇదియే రాజుగారి యొప్పు. సంగమవంశపు రాజులకును, తుళువవంశపు కృష్ణదేవరాయ, అచ్యుతరాయలకును ఇదే చేవ్రాలు. విష్ణుభక్తుడై తిరుమలేశుని కొలిచిన కృష్ణరాయలు సైతము శాసనాంతమున విరూపాక్షుని పేరే వ్రాయించెను. అరవీటి వేంకటపతిరాయల కాలమున దాని స్థానమున "శ్రీ వేంకటేశ" వచ్చినది. 1601 నాటి విళాపాక శాసనము ఇందులకు నిదర్శనము.

ఇక్కడ రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఇది వ్యక్తి పేరు కాదు, దేవుని పేరు. రాజ్యము విరూపాక్షునిది, రాజు ఆయన ప్రతినిధి అను భావమునకు గుర్తు. కావున దీనినిబట్టి రాజు వ్యక్తిగతమైన వ్రాతను గుర్తింపబూనుట నిష్ఫలము. రెండవది, రాగిమీద ఉలి నడిపినవాడు రాజు కాడు. కృష్ణరాయల, అచ్యుతరాయల శాసనములను చెక్కినవాడు మల్లన కుమారుడగు వీరణాచార్యుడని ఆ శాసనములే చెప్పుచున్నవి. అచ్యుతరాయల ఊనమంజేరి శాసనపాఠమును రచించినవాడు సభాపతి. కవి ఒకడు, శిల్పి ఒకడు, రాజు ఒకడు. మువ్వురు కలిసిననే ఆ శాసనము. కావున తామ్రశాసనమందలి సంతకము కచ్చితముగ చూచినచో ఎన్నడును స్వహస్తము కాదు. అది లేఖకహస్తములలోకెల్ల ఉత్తమమైనది.

ఉత్తరదేశమున హర్షచక్రవర్తి బాంసఖేడా శాసనము దీనితో పోల్చదగినది. 628 నాటి ఆ రేకు చివర, ఇది హర్షుని స్వహస్తమని తెలుపు పంక్తి వంపులతో కూడిన అలంకృతాక్షరములలో చెక్కబడియున్నది. తక్కిన పాఠపు లిపికిని దీనికిని గల భేదమునుబట్టి, చక్రవర్తి వ్రాసియిచ్చిన మాదిరినే శిల్పి అనుకరించినాడని పండితులు తలంచిరి. ఇచ్చటనైనను ఉలి శిల్పిదే. మనకు కనబడునది రాజు వ్రాత కాదు, రాజు వ్రాతకు ప్రతిబింబము.

కూటశాసనములు

అదే హర్షుని మధుబన్ శాసనము, 631 నాటిది, కూటవిషయమున అమూల్యమైన సాక్ష్యము. సోమకుండక గ్రామమును వామరథ్యుడను బ్రాహ్మణుడు కూటశాసనముతో అనుభవించుచుండగా, రాజు విచారించి ఆ రేకును విఱుగగొట్టించి, గ్రామమును ఇతరులకు దానము చేసెనని అందు కలదు. శాసనములను కల్పించుటయు, రాజాస్థానము వానిని కనిపెట్టుటయు ఏడవ శతాబ్దినాటికే జరుగుచున్నవని దీనివలన తెలియుచున్నది.

కొన్ని కూటములు చూడగనే తేలిపోవును. భారతకథలోని జనమేజయుడే దానము చేసినట్లు చెప్పు తామ్రశాసనములు కర్ణాటకమున దొరకినవి. లిపియు పద్ధతియు మధ్యయుగమువే. కొన్ని అంత సులభముగ తేలవు. జె. ఎఫ్. ఫ్లీటు 1901లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో కూటశాసనముల పట్టికను ప్రకటించెను. పశ్చిమగాంగుల రేకులు పెక్కింటిని ఆయన కూటములుగ నిర్ణయించెను. చెప్పిన కాలమునకు లిపి పొసగకుండుట, తిథివారములు గణితమునకు నిలువకుండుట మున్నగునవి ఆయన చూపిన హేతువులు. రైసు ఆ శాసనములను సమర్థించెను. ఇరువురి వాదము చాలకాలము సాగెను.

ఈ వాదమున మన సీమకు ముఖ్యమైన ఘట్టము పెనుకొండ రేకులు దొరకుట. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిదియు, 1565 పిమ్మట విజయనగర రాజులకు రాజధానియునగు పెనుకొండలో, గాంగ మాధవుని తామ్రశాసనమొకటి లభించినది. గాంగ శాసనములయెడ అంత కఠినుడైన ఫ్లీటే దానిని పరీక్షించి, లిపినిబట్టి సుమారు 475 నాటి నిజమైన శాసనమని ఒప్పుకొనెను. పరిశోధక విద్యార్థులు ఈ యుదంతమును మఱువరాదు. ఒక వర్గమునకు చెందిన పత్రములలో ఎన్ని కూటములున్నను, తరువాత వచ్చిన పత్రమును దాని గుణముచేతనే తీర్పవలెను గాని, తోడివాని దోషముచేత కాదు. నూఱు కూటములను బయటపెట్టిన పండితుడు నూటయొకటవదాని యెదుట మరల మొదటినుండి చూచినాడు. పత్రపరీక్షలో పాండిత్యమనగా ఇదియే.

గుర్తులు, ముద్రలు

పదునెనిమిదవ శతాబ్దికి వచ్చుసరికి పరీక్షాపద్ధతి మాఱవలసియున్నది. మరాఠా పత్రములలో పేరు వ్రాయుటకన్న ముద్రవేయుటయే ప్రధానము. పత్రాంతమున, ఇకమీద ఏమియు చేర్పకుండ, మోర్తబ్ అను చిన్న ముద్ర వేయుదురు. కావున సర్దారు పేరు సంతకముగ లేదని మరాఠీ సన్నదును శంకింపరాదు. ఉన్నచోటనే శంకింపవలసియుండును.

గుత్తిని గెలిచిన హైదరాలీ చదువు వ్రాత నేర్చినవాడు కాడు. తన పేరిలోని మొదటి యక్షరమును మాత్రము వ్రాయుట నేర్చెననియు, దానినైనను తలక్రిందుగ వ్రాసెడివాడనియు మైసూరు చరిత్రకారుడు మార్క్ విల్క్స్ వ్రాసినాడు. ఇందొక చమత్కారము కలదు. పారసీకము బాగుగ నేర్చిన కూటలేఖకుడు ఆ యక్షరమును సరిగా వ్రాసిన యెడల ఆ సరిదనమే అతనిని పట్టియిచ్చును. టిప్పు తన పత్రములపై తన పేరు వ్రాయక "నబీ మాలిక్" అను మాటలను వంపులు తిప్పి వ్రాసెడివాడు. విజయనగర రాజు విరూపాక్షుని పేరును, మైసూరు సుల్తాను ప్రవక్త పేరును చేవ్రాలుగ గైకొనుటలో మతము వేఱైనను భావమొక్కటే: అధికారము తనది కాదు, పైవానిది.

సామాన్య రైతుల పత్రములలో వ్రాయనేరనివాడు నాగలివంటి గుర్తో గీతయో పెట్టగా, అది ఫలానావాని నిశానియని వ్రాయసగాడు ప్రక్కన వ్రాయును. పేరు వ్రాయసగానిది, గీత రైతుది. ఇట్టిచోట అక్షరములన్నియు ఒకే చేతివని కూటమనుకొనుట తొందరపాటు.

దొరతనపు పత్రములు

దత్తమండలమునకు మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1800 మొదలు 1807 వఱకు ఆ యుద్యోగమున నుండెను. అనంతపురమే ఆయనకు తొలి కేంద్రము. తరువాత 1820లో మదరాసు గవర్నరై, 1827లో పత్తికొండలో విషూచితో మరణించెను. ఈ సీమలో ఆయన పేరు ప్రఖ్యాతము. కావుననే ఆయన చేవ్రాలుగల పత్రము ఇంటనున్నదని చెప్పుకొనుట గౌరవముగ నుండెను.

కలెక్టరు కచ్చేరీలో ఒక పత్రమునకు ఎన్నో నకళ్లు పుట్టును. అసలుపై దొర స్వయముగ సంతకము చేయును. నకలుపై గుమాస్తా ఆ పేరును తన చేత వ్రాసి, అసలునకు సరియైన నకలని తన ఒప్పు చేర్చును. కొంతకాలమునకు అడుగుభాగము చినిగిపోవును. మిగిలినది మన్రో పేరు, గుమాస్తా చేయి. అసలు సంతకముతో పోల్చిచూచిన పరిశోధకుడు దీనిని కూటమనును. ఇంటివారు స్వహస్తమందురు. ఇరువురిదియు పొరపాటే. అది నకలు.

1858 తరువాత మదరాసు రాజధానిలో ఇనాం కమీషను పనిచేయునపుడు ఈ చిక్కు పెద్దదైనది. సన్నదులు లేనివారు పెక్కుమంది. ఉన్నవానిలో శంకింపదగినవి పెక్కు. కమీషను పత్రముమీదనే ఆధారపడక, ఏబదియేండ్ల అవిచ్ఛిన్నానుభవమును హక్కునకు చాలిన నిదర్శనముగ అంగీకరించినది. ఇది వివేకవంతమైన నిర్ణయము. దీనివలన నిజమైన హక్కుదారు కూటపత్రమును ఆశ్రయింపవలసిన అవసరము తగ్గినది. మనకు కలిగిన లాభమింకొకటి. ఇనాము ఎవరిచ్చిరి, ఎప్పుడిచ్చిరి, ఏ పత్రము చూపబడినది అను వివరములు నాటి ఇనాం రిజిస్టరులో చేరినవి. నేడు ఒక సన్నదు మన చేతికి వచ్చినచో, 1860 ప్రాంతమున అది చూపబడినదో లేదో వెదకవలెను. నాడు చూపని పత్రము కూటమే కానక్కఱలేదు. కాని ఏల చూపలేదను ప్రశ్నకు సమాధానము కావలెను.

అమెరికాలోను ఇట్టిదే జరిగినది. ప్రభుత్వభూముల పట్టాలపై అధ్యక్షుడే సంతకము చేయవలసియుండగా, పట్టాల సంఖ్య మితిమీఱుటచే, 1833లో అధ్యక్షుని పేర ఒక కార్యదర్శి సంతకము చేయునట్లు చట్టము చేసిరి. నాటినుండి ఆ పట్టాలమీది అధ్యక్షుల పేర్లు గుమాస్తాల చేతివ్రాతలు. హక్కు విషయమున అవి నిర్దుష్టములు. స్వహస్తములని కొన్నవాడు మాత్రము మోసపోయినవాడు. పట్టా మాఱలేదు, దానిని మన మడిగిన ప్రశ్న మాఱినది.

ఇటీవలి ప్రసిద్ధులు

ఇరువదవ శతాబ్దిలో ప్రసిద్ధుల చేవ్రాలును ఆటోగ్రాఫు పుస్తకములలో సేకరించు వాడుక మన పట్టణములకును వచ్చినది. గాంధీమహాత్ముడు తన సంతకమునకు అయిదు రూపాయలు తీసికొని హరిజననిధికి చేర్చెడివాడు. ఆయన చేవ్రాలును పరీక్షించువాడు రెండు విషయములు ఎఱిగియుండవలెను. ఆయన తన పేరును తెలుగుతో సహా పెక్కు భారతీయ లిపులలో వ్రాసియున్నాడు. మఱియు ఆయన రెండు చేతులతోను వ్రాయగలవాడు. 1909లో ఓడమీద హింద్ స్వరాజ్ వ్రాయుచు, కుడిచేయి అలసినపుడు సుమారు 40 పుటలు ఎడమచేత వ్రాసెను. కావున ఆయన రెండు లేఖనములు ఒకదానితో నొకటి పోలకున్నను రెండును స్వహస్తములే కావచ్చును. ఆయన పేర వెలువడిన లేఖలలో మహాదేవ దేశాయి, ప్యారేలాల్ వంటి కార్యదర్శులు వ్రాసినవియు కలవు. అచ్చట పాఠము ఒక చేయి, సంతకము వేఱొక చేయి యగుట సహజము.

పరీక్షాక్రమము

పై నిదర్శనములనుండి పరీక్షాక్రమమును కూర్చుకొనవచ్చును. దీనికి యాజ్ఞవల్క్యుని పద్ధతియే చాలును. మన్రో పేరుగల సన్నదొకటి ఉరవకొండ ప్రాంతమున లభించినదని ఊహింతము.

మొదటిది పోలిక. నిస్సంశయములైన సంతకములు ఒకటి కాక పెక్కు కావలెను. ఒకే మనుష్యుని రెండు సంతకములు రేఖకు రేఖ ఎన్నడును కలియవు. కలిసినచో ఒకటి రెండవదానిపై నుంచి దిద్దినదో, యంత్రముతో చేసినదో యగును. కూటలేఖకునకును అధికృతలేఖకునకును భేదము ఇచ్చటనే తెలియును. కూటలేఖకుడు ఆకారమును కాపాడబోయి వేగమును పోగొట్టుకొనును. అతని రేఖ వడకును, నిలువరాని చోట కలము నిలుచును, దిద్దుబాట్లు కనబడును. అధికృతలేఖకునకు భయము లేదు. అతని వ్రాత వేగముగ సాగును. ఆకారమును అనుకరింపక తన యలవాటునే చూపును. అదే కచ్చేరీలోని ఇతర పత్రములలోను అతని చేయి మరల మరల కనబడును.

రెండవది యుక్తి, ప్రాప్తి. ఆ కాలమున, ఆ చోట, ఆ మనుష్యుడు ఆ పని చేయుట సాధ్యమా? ఫసలీకి 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1210 అనగా 1800. ఆ సంవత్సరము రౌద్రి. ఫసలీ 1200 నాటి సన్నదుపై కలెక్టరు మన్రో సంతకమున్నచో అది పొసగదు. కలెక్టరుగ నున్న కాలపు పత్రమున ఆయనకు "సర్" బిరుదమున్నచో, ఆ బిరుదము 1819లో వచ్చినది గావున, అది పిమ్మటి నకలో కూటమో కావలెను. కాగితమును వెలుతురునకు పట్టి చూడవలెను. 1794 నుండి ఆంగ్ల కాగితములలో తయారైన సంవత్సరము నీటిగుర్తుగ నుండుట వాడుక. పత్రపు తేదీకన్న నీటిగుర్తు తరువాతిదైనచో విచారమంతటితో ముగియును.

మూడవది క్రియ: సాక్షులును వ్రాయసగాడును పేర్కొనబడిరా, వారు ఇతర పత్రములలో కనబడుదురా యనునది. నాల్గవది చిహ్నము: శ్రీకారము, ముద్ర, నిశాని ఆ ప్రభుత్వపు వాడుకకు తగినట్లున్నవా యనునది. అయిదవది సంబంధము: ఇచ్చినవానికిని పుచ్చుకొన్నవానికిని ఇతర వ్యవహారములు కలవా యనునది. ఆఱవది ఆగమము: ఆ భూమి ఆ వంశమునకు వచ్చిన త్రోవ. దీనితోపాటు పత్రము నేటి చేతికి వచ్చిన త్రోవనుకూడ మనము విచారింపవలెను. ముప్పదియేండ్లు నిండిన పత్రము తగిన స్థానమునుండి వచ్చినచో దానిమీది సంతకమును నిజమని భావింపవచ్చునని 1872 సాక్ష్యచట్టము చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమును ఆ సూత్రమును నిలుపుకొన్నది. కాని న్యాయస్థానమునకు చాలిన భావన చరిత్రకారునకు చాలదు. భావనతో ఆయన మొదలుపెట్టవలెను గాని ముగింపరాదు.

కూటమని తేలిన పత్రమును సైతము పాఱవేయరాదు. అది చెప్పు సంగతి అబద్ధమైనను, అట్లు చెప్పవలసిన యక్కఱ ఒకనాడు ఒకరికి కలిగెననుట నిజము. ఏ ప్రభువు పేరు పెట్టినచో మాన్యము నిలుచునని వారు నమ్మిరో, ఆ పేరే ఆ కాలపు చరిత్ర. అందులకే పరీక్షాఫలమును వ్రాయునపుడు "నిజము, దొంగ" యను రెండు మాటలతో సరిపుచ్చక, స్వహస్తమా, లేఖకహస్తమా, నకలా, కూటమా యని స్పష్టపఱుచుట మన కర్తవ్యము. గుమాస్తా వ్రాసిన నకలును కూటమని ముద్రించినచో, ఒక గ్రామపు దానము చరిత్రలోనుండి పోవును. కూటమును స్వహస్తమని ముద్రించినచో, దానికి నష్టపోయినవారి గోడు మఱియొకమాఱు మఱుగున పడును. వర్షమునకు మొగము వాచిన ఈ సీమలో ఒక్కొక్క మడిచెక్క వెనుకను ఇట్టి కాగితమొకటి కలదు. దానియెదుట తొందర పనికిరాదు.